బోర్డును చూసి డ్రైవు కొనండి

ఇంట్లో సొంతంగా కూర్చుకున్న, లేదా విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లలో ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు చిప్‌లలో సమాచారం దాచే డ్రైవు) పెట్టుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. వీటిలో డ్రైవు పాడై వచ్చిన ఇబ్బందులు దాదాపు లేవు. మదర్‌బోర్డు మీద ఏ స్లాటు ఉంది, అది ఏ రకం డ్రైవును పుచ్చుకుంటుంది, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం) ఏ పద్ధతిలో ఉంది అన్నవి చూడకుండా ముందు డ్రైవు కొనేయడం వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే జవాబుల్లో బోర్డు సంగతి పదేపదే వస్తుంది.

ప్ర: మాది 2013లో కొన్న కంప్యూటర్. హెచ్61 బోర్డు, మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలు పడుతోంది. ఒక షాపులో ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీని చిన్న కార్డులో పెట్టి బిగిస్తామంటున్నారు. ఇంకో షాపులో మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ చాలంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, గుంటూరు

జ: రెండో షాపువారి మాట వినండి. సాటా హార్డ్‌డిస్క్‌లు కూడా వాడే పాత కనెక్షన్, ఎన్‌విఎంఈ దానికంటే చాలా వేగమైన కొత్త పద్ధతి. హెచ్61 బోర్డు మీద ఎన్‌విఎంఈ డ్రైవు నేరుగా పట్టే ఎం.2 స్లాటు ఉండదు. కార్డులో పెట్టి ఎన్‌విఎంఈ డ్రైవును తగిలించినా, ఆ కాలపు బయోస్‌కు దాని నుంచి విండోస్‌ను లేపడం తెలియదు. విండోస్ వచ్చాక డ్రైవు కనిపిస్తుంది, ఫైళ్లు దాచుకోవచ్చు, అంతే. మీకు కావలసింది దాని నుంచి బూట్ కావడం కదా. బయోస్‌ను మార్చి రాసి బూట్ చేయించేవాళ్లూ ఉన్నారు గానీ, మధ్యలో తేడా వస్తే బోర్డే పోతుంది. ఇంత పాత యంత్రం మీద ఆ సాహసం వద్దు.

2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 256 జీబీ లేదా 500 జీబీది తీసుకోండి. పెట్టె మీద సెకనుకు 550 ఎంబీ అని రాసి ఉంటుంది. హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్న సాటా పోర్టులన్నీ 3 గిగాబిట్లవే కాబట్టి మీకు వచ్చేది 270, 280 దగ్గర ఆగుతుంది. దానికి దిగులు పడనక్కర్లేదు. మీ కంప్యూటర్ నెమ్మదిగా లేవడానికి కారణం వేరే. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. దానికితోడు చదివే ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగాలి. ఆ లెక్కన సెకనుకు వంద చిన్న ఫైళ్లు చదవడం కూడా దానికి కష్టం. విండోస్ లేచేటప్పుడు చదివేవి వేల కొద్దీ చిన్న ఫైళ్లే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమేదీ లేదు, ఒక్కో చిన్న ఫైలును అందుకోవడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. మీకు తేడా తెలిసేది ఇక్కడ. పాత పోర్టు దీనికి అడ్డు రాదు.

బిగించేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. హార్డ్‌డిస్క్‌కు వాడే లావు స్క్రూలు ఎస్‌ఎస్‌డీకి పట్టవు, దీనికి సన్నని ఎం3 స్క్రూలు కావాలి. మీ ఎస్‌ఎంపీఎస్‌కు (కరెంటు ఇచ్చే పెట్టెకు) ఖాళీ సాటా పవర్ కనెక్టర్ లేక పాత నాలుగు పిన్నుల దాన్ని మార్చే కేబుల్ కొనాల్సి వస్తే, కనెక్టర్ ప్లాస్టిక్‌తో ఒకే ముద్దగా అచ్చుపోసినది వద్దు. అలాంటివాటిలో తీగలు లోపల దగ్గరపడి, కాలిపోయిన సందర్భాలున్నాయి. తీగలు విడివిడిగా, వెనక మూత తెరుచుకునేలా ఉన్నదాన్ని ఎంచుకోండి.

మూడోది బయోస్‌లో సాటా మోడ్. పాత బోర్డుల్లో ఇది ఐడీఈ అనే పాత పద్ధతి మీద ఉండిపోయి ఉండవచ్చు. కొత్తగా విండోస్ వేస్తుంటే ముందే దీన్ని ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మార్చి, ఆ తర్వాత మొదలుపెట్టండి. ఐడీఈలో ఉంటే ట్రిమ్ (తీసేసిన ఫైళ్ల చోటు ఏదో డ్రైవుకు చెప్పే ఆజ్ఞ) సరిగ్గా అందకపోవచ్చు, వేగమూ తగ్గుతుంది. ఇప్పటికే ఉన్న విండోస్‌ను అలాగే ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకుంటుంటే మోడ్‌ను నేరుగా మార్చకండి, నీలం తెర వచ్చి ఆగిపోతుంది. ముందు ఎంఎస్‌కాన్‌ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. లేచేటప్పుడే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టండి. సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

ఇంకో మాట. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే ఎస్‌ఎస్‌డీ మీద లైనక్స్ మింట్ వేసి చూడండి, ఆ యంత్రంలో హాయిగా నడుస్తుంది.

ప్ర: 512 జీబీ అని కొంటే విండోస్‌లో 476 జీబీయే చూపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారా? – ఒక పాఠకురాలు, నల్గొండ

జ: లేదు. కంపెనీ 1 జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కేస్తుంది. విండోస్ 1024ను మూడుసార్లు గుణించిన సంఖ్యతో, అంటే దాదాపు 107 కోట్ల బైట్లతో భాగించి చూపిస్తుంది. ఆ లెక్కలో 500 జీబీ 465గా, 1 టీబీ 931గా కనిపిస్తాయి. 512కు 476 సరైనదే.

ప్ర: కొత్తగా రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డుతో కంప్యూటర్ కూర్చుకున్నాను. బోర్డు మీద రెండు ఎం.2 స్లాట్లున్నాయి. మొదటి దాంట్లో ఎన్‌విఎంఈ డ్రైవు బాగా పనిచేసింది. రెండో స్లాటులో ఇంకోటి పెట్టగానే నా పాత హార్డ్‌డిస్క్ మాయమైంది. ఇంకా, నేను కొన్నది 4వ జనరేషన్ డ్రైవు, సెకనుకు 7000 ఎంబీ అని ఉంది. నాకు 3500 కూడా దాటడం లేదు. – బీటెక్ విద్యార్థి, వరంగల్

జ: హార్డ్‌డిస్క్ పాడవలేదు. ప్రాసెసర్, చిప్‌సెట్ ఇచ్చే దారులు, అంటే లేన్లు, లెక్కకు మించి ఉండవు. అందుకని బోర్డు తయారీదారులు రెండో ఎం.2 స్లాటుకూ కొన్ని సాటా పోర్టులకూ ఒకే దారిని పంచుతారు. ఆ స్లాటు నిండితే ఆ పోర్టులు మూగబోతాయి. చాలా బోర్డుల్లో ఇవి చివరి రెండు పోర్టులు. మాన్యువల్‌లో సాటా, ఎం.2 పంపకం చూపించే చిన్న పట్టిక ఉంటుంది. అది చూసి హార్డ్‌డిస్క్ కేబుల్‌ను ఆ పంపకంలో లేని పోర్టులోకి మార్చండి, తిరిగి కనిపిస్తుంది. మాన్యువల్ పోతే బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరుతో కంపెనీ సైటులో పీడీఎఫ్ దొరుకుతుంది. మోడల్ చివర ఉండే రెవిజన్ అంకెను కూడా చూసుకోండి.

వేగం సంగతికొస్తే, డ్రైవులో లోపం లేదు. ఎన్‌విఎంఈ డ్రైవు సమాచారం పంపే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. బీ450 బోర్డులో అది 3వ జనరేషన్, అంటే 3.0 వరకే. రేపు మీరు బీ550 బోర్డుకు మారినా ఇదే వేగం వస్తుంది, ఎందుకంటే 5600జీ ప్రాసెసర్ కూడా 3.0కే పరిమితం. 3.0 నాలుగు లేన్ల మీద 3500 అంటే పూర్తి వేగం వస్తున్నట్టే. 5600జీతో కూర్చుకునేవాళ్లు 4వ జనరేషన్ డ్రైవుకు అదనంగా డబ్బు పెట్టవద్దనే మా సలహా. రెండూ ఒకే ధరకు దొరికితే తీసుకోవచ్చు, వెనక్కి సర్దుకుని పనిచేస్తుంది.

ఇంటెల్ హెచ్310 బోర్డులు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ చిప్‌సెట్ ఇచ్చే లేన్లు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0వి. దాని ఎం.2 స్లాటులో ఏ ఎన్‌విఎంఈ డ్రైవు పెట్టినా 3.0 వేగం రాదు. మీ డ్రైవు ఏ స్థాయిలో నడుస్తోందో తెలుసుకోవాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర చూడండి. గీతకు ఎడమవైపు ఇప్పుడు నడుస్తున్న స్థాయి, కుడివైపు డ్రైవు చేరగల గరిష్ఠ స్థాయి ఉంటాయి.

ప్ర: ఎం.2 డ్రైవు అడిగితే షాపులో ఇచ్చారు. స్లాటులో సరిగ్గా పట్టింది, కానీ బయోస్‌లో కనిపించదు. – ఒక పాఠకుడు, అనంతపురం

జ: ఎం.2 అనేది ఆకారం పేరు. అదే ఆకారంలో సాటా డ్రైవులూ వస్తాయి, ఎన్‌విఎంఈ డ్రైవులూ వస్తాయి. మీ స్లాటు ఒకదాన్నే పుచ్చుకునేదై ఉండి, డ్రైవు రెండో రకమైతే, ఎంత బాగా బిగించినా కనిపించదు. బంగారు రంగు కాళ్ల మధ్య రెండు గాట్లుంటే అది చాలావరకు సాటా, ఒకే గాటుంటే ఎన్‌విఎంఈ. రెండు గాట్ల ఎన్‌విఎంఈ డ్రైవులు కూడా కొన్ని ఉన్నాయి కనుక గాటు ఒక్కటే నమ్మకుండా డ్రైవు మీది చీటీ కూడా చదవండి. మాన్యువల్‌లో ఆ స్లాటు పక్కన సాటా, పీసీఐఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్, అంటే ఎన్‌విఎంఈ) రెండూ రాసి ఉన్నాయో, ఒకటే ఉందో చూసి, తేడా ఉంటే డ్రైవును మార్పించుకోండి. కొన్ని బోర్డుల్లో చిన్న ఎం.2 స్లాటు ఒకటి వైఫై కార్డు కోసమే ఉంటుంది, దాని గాటు వేరు. అందులో బలవంతంగా దూర్చవద్దు.

ప్ర: డ్రైవును స్లాటులో పెట్టి వదిలితే పైకి లేచి ఏటవాలుగా నిలబడుతోంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూ కూడా దొరకలేదు. సెల్లోటేపు వేయవచ్చా? మా అబ్బాయి రాత్రి నుంచి అడుగుతున్నాడు. – గృహిణి, నెల్లూరు

జ: టేపు వద్దండీ, వేడికి జిగురు కరిగి జారిపోతుంది. డ్రైవు పైకి లేవడం మాత్రం లోపం కాదు, స్లాటులో స్ప్రింగు లాంటి పట్టు ఉండటం వల్ల అలా నిలబడాలి. మొదటి నుంచి చెప్తాం, అబ్బాయి పక్కనే కూర్చుని చేయనివ్వండి.

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. ఏసీ గదిలో, పొడి వాతావరణంలో ఇది మరీ అవసరం.

డ్రైవు మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. బోర్డు మీద 42, 60, 80, 110 దూరాల్లో రంధ్రాలుంటాయి, అన్ని బోర్డుల్లో అన్నీ ఉండవు. 80 దగ్గర ఒక చిన్న ఇత్తడి మేకు లాంటిది నిలబడి ఉండాలి. దాన్ని స్టాండాఫ్ అంటారు. అది వేరే రంధ్రంలో ఉంటే ముక్కు సన్నని ప్లయర్‌తో తిప్పి 80లోకి మార్చండి. స్టాండాఫ్ లేకుండా నేరుగా బోర్డుకు స్క్రూ బిగిస్తే డ్రైవు విల్లులా వంగుతుంది. ఆ వంపులో చిప్‌ల కింద టంకం పగిలితే డ్రైవు పోయినట్టే.

డ్రైవును 30 డిగ్రీల వాలులో పట్టుకుని, గాటును స్లాటులోని గాటుకు సరిచూసి లోపలికి నెట్టండి. బంగారు కాళ్లు దాదాపు కనిపించకుండా లోపలికి వెళ్లాలి. పైకి ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ కనిపిస్తుంటే ఇంకా నెట్టాలి. బయోస్‌లో కనిపించని డ్రైవుల్లో చాలావాటికి ఇదే కారణం. ఆ తర్వాత చివరను వేలితో కిందికి నొక్కి, స్టాండాఫ్ మీద ఆనించి స్క్రూ వేయండి. స్క్రూ ఆగగానే మీరూ ఆగండి, గట్టిగా బిగిస్తే తల అరిగిపోయి మళ్లీ ఊడిరాదు.

ఆ స్క్రూ, స్టాండాఫ్ మదర్‌బోర్డు పెట్టెలో చిన్న కవరులో వస్తాయి. చాలామంది ఖాళీ కవరనుకుని పారేస్తారు. నిజంగా పోయి ఉంటే ఎం2 సైజు, 3 మిల్లీమీటర్ల పొడవు స్క్రూ అని అడిగి కంప్యూటర్ షాపులో కొనండి. క్యాబినెట్ స్క్రూ దీనికి లావైపోతుంది, మరలు చెడగొడుతుంది. కొత్త బోర్డుల్లో స్క్రూ బదులు తిప్పే ప్లాస్టిక్ గొళ్లెం ఉంటుంది, ముందు అదేమో చూసుకోండి.

బోర్డుతో పాటు ఎం.2 హీట్‌సింక్ వచ్చి ఉంటే దాని కింద మెత్తని ప్యాడ్, ఆ ప్యాడ్ మీద పల్చని ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఆ పొరను ఒలిచేయాలి. ఒలవకుండా బిగిస్తే హీట్‌సింక్ ఉండీ ప్రయోజనం లేదు. ఒలవాల్సింది ప్యాడ్ మీది పొరను మాత్రమే సుమా, డ్రైవు మీది కంపెనీ చీటీ పీకితే వారంటీ పోతుంది.

ప్ర: విండోస్ 11 వేస్తుంటే, ఎక్కడ వేయాలి అని అడిగే తెరలో ఎస్‌ఎస్‌డీయే కనిపించడం లేదు. నా స్నేహితుడికేమో కనిపిస్తోంది గానీ, ఈ డిస్కులో వేయడం కుదరదు అంటోంది. ఇద్దరం ఒకేసారి సికింద్రాబాద్‌లో కొన్నాం. నాది 12వ తరం ఐ5, వాడిది పాత హార్డ్‌డిస్క్ కూడా తగిలించి ఉన్న ఏఎండీ యంత్రం. – ఒక పాఠకుడు, ఖమ్మం

జ: రెండూ వేర్వేరు జబ్బులు. ముందు మీ సంగతి. బయోస్‌లోకి వెళ్లి స్టోరేజ్ జాబితాలో డ్రైవు పేరు ఉందో లేదో చూడండి. అక్కడే లేకపోతే అది బిగింపు సమస్య గానీ స్లాటు సమస్య గానీ, పై రెండు జవాబులు చూడండి. బయోస్‌లో ఉండి విండోస్‌కు మాత్రమే కనిపించకపోతే, 11వ తరం నుంచి ఇంటెల్ యంత్రాల్లో వచ్చిన వీఎండీ అనే ఏర్పాటు కారణం కావచ్చు. అది ఆన్‌లో ఉంటే డ్రైవు ఇంటెల్ కంట్రోలర్ వెనకాల దాక్కుంటుంది, దాని డ్రైవర్ విండోస్ సెటప్‌లో లేకపోవచ్చు. ఒకే డ్రైవు, రెయిడ్ (కొన్ని డ్రైవులను కలిపి ఒకటిగా వాడటం) అవసరం లేని ఇంటి కంప్యూటర్లో దీనితో పని లేదు. బయోస్‌లో వీఎండీ కంట్రోలర్‌ను ఆపేసి మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి లేపండి. ఆపే వీలు లేకపోతే బోర్డు కంపెనీ సైటు నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, జిప్‌ను విప్పి, ఆ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సెటప్ తెరలో లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి. ఈ నిర్ణయం విండోస్ వేయడానికి ముందే తీసుకోవాలి. వేశాక వీఎండీని అటూ ఇటూ మారిస్తే విండోస్ లేవదు.

మీ స్నేహితుడిది విభజన పట్టిక తేడా. ఎంబీఆర్ పాత పద్ధతి, జీపీటీ కొత్తది. యుఈఎఫ్‌ఐ అనే కొత్త బయోస్ పద్ధతిలో లేచిన సెటప్ జీపీటీ డిస్కు మీదే విండోస్ వేస్తుంది. కొత్త ఎస్‌ఎస్‌డీని ముందే ఎవరైనా వేరే కంప్యూటర్లో ఎంబీఆర్‌గా ఫార్మాట్ చేసి ఉంటే ఈ మాట వస్తుంది.

దీన్ని సరిచేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఎస్‌ఎస్‌డీ తప్ప మిగతా డిస్కులన్నిటి కేబుళ్లు పీకేయడం. ఇందుకు రెండు కారణాలు. రాబోయే ఆజ్ఞ డిస్కును తుడిచేస్తుంది, పొరపాటున పాత హార్డ్‌డిస్క్‌ను ఎంచుకుంటే అందులోని ఫొటోలన్నీ పోతాయి. రెండోది, పాత డిస్కు తగిలించి ఉంటే విండోస్ సెటప్ బూట్ భాగాన్ని దాని మీద రాయవచ్చు. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. ఏడాది తర్వాత ఆ హార్డ్‌డిస్క్ తీసేసిన రోజు ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఉండీ లేవదు. చూస్తే కారణం ఒక పట్టాన తట్టదు.

కేబుళ్లు పీకాక, సెటప్ తెరలో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో డిస్క్‌పార్ట్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. లిస్ట్ డిస్క్ అంటే డిస్కుల జాబితా వస్తుంది. పెన్‌డ్రైవ్ కూడా అందులో ఉంటుంది కనుక సైజు చూసి ఎస్‌ఎస్‌డీ ఏ నంబరో గుర్తించండి. అది 0 అయితే సెలెక్ట్ డిస్క్ 0, తర్వాత క్లీన్, తర్వాత కన్వర్ట్ జీపీటీ. రెండుసార్లు ఎగ్జిట్ కొట్టి బయటికొచ్చి, రిఫ్రెష్ నొక్కండి. ఖాళీ స్థలం ఒకే వరుసగా కనిపిస్తుంది. దాన్నే ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి, కావలసిన చిన్న భాగాలను విండోస్ తనే చేసుకుంటుంది. అన్ని ఆజ్ఞలనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది కావాలి. మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తోనే తయారుచేయండి, ఎవరో ఇచ్చిన కాపీ వద్దు. బూట్ మెనూ మీట ఆసుస్‌కు ఎఫ్8, ఎంఎస్‌ఐ, ఆస్‌రాక్‌లకు ఎఫ్11, గిగాబైట్‌కు ఎఫ్12. మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే ముందు యుఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. దాన్ని బయోస్‌లో ఇంటెల్ బోర్డులు పీటీటీ అని, ఏఎండీ బోర్డులు ఎఫ్‌టీపీఎం అని పిలుస్తాయి. యుఈఎఫ్‌ఐ కోసం సీఎస్ఎం అనే పాత బూట్ పద్ధతిని ఆపేటప్పుడు ఒక జాగ్రత్త: మీ దగ్గర బాగా పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే తెర మీద ఏమీ రాకుండా పోవచ్చు. అలా అయితే ప్లగ్గు పీకి, బోర్డు మీది గుండ్రని సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెడితే బయోస్ మొదటికొస్తుంది.

మొదటి రీస్టార్ట్ అవుతుండగానే పెన్‌డ్రైవ్ పీకేయండి, లేకపోతే సెటప్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అంతా అయ్యాక హార్డ్‌డిస్క్ తగిలించి, బయోస్‌లో బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైన పెట్టండి.

ప్ర: ఎస్‌ఎస్‌డీని కూడా హార్డ్‌డిస్క్‌లాగే సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేయించాను. ఇప్పుడు సీ డ్రైవ్ నిండిపోయింది. – ఒక పాఠకుడు, కాకినాడ

జ: ఈ అలవాటు హార్డ్‌డిస్క్ రోజులది. అక్కడ పళ్లెం బయటి అంచు వేగంగా చదవబడేది కాబట్టి సీ డ్రైవ్‌ను ముందు చిన్నగా చేస్తే కొంత అర్థముండేది. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ సమాచారాన్ని చిప్‌లన్నిటిలో తన ఇష్టం వచ్చినట్టు పరుస్తుంది. ముక్కలు చేసినందువల్ల వేగమూ పెరగదు, ఆయుష్షూ పెరగదు. 500 జీబీ వరకు ఒకే భాగంగా ఉంచేయండి. విండోస్ మళ్లీ వేసినప్పుడు ఫైళ్లు పోకూడదనుకుంటే రెండు చాలు, సీకి కనీసం 150 జీబీ వదలండి. మీరిప్పుడు డీలో ఉన్నవి వేరేచోటికి తీసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ భాగాన్ని తొలగించి, సీ మీద కుడి మీట నొక్కి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఇవ్వండి. సీకి ఆనుకుని కుడివైపునే ఖాళీ ఉండాలి, మధ్యలో రికవరీ భాగం అడ్డుంటే ఆ మాట బూడిద రంగులో ఉండి పనిచేయదు. మొత్తం మీద పదో వంతయినా ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు వేయకండి. విండోస్ తనే వారానికోసారి ట్రిమ్ పంపుతుంది. తీసేసిన ఫైళ్ల చోటు ఏదో డ్రైవుకు చెప్పడమే ట్రిమ్ పని. ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరలో మీ డ్రైవు పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉంటే చాలు.

ప్ర: పాత హార్డ్‌డిస్క్‌లోని విండోస్‌ను, ట్యాలీతో సహా అలాగే ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకోవచ్చా? – చిన్న వ్యాపారి, రాజమహేంద్రవరం

జ: తెచ్చుకోవచ్చు, దాన్ని క్లోనింగ్ అంటారు. ముందు ట్యాలీ డేటా ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి విడిగా కాపీ చేసుకోండి, ఇది మాత్రం మానవద్దు. డిస్కులో చెడిన సెక్టార్లు ఉన్నాయేమో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి. పసుపు రంగులో కాషన్ అని వస్తే క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు, అప్పుడు ఫైళ్లు మాత్రం తీసుకుని విండోస్ కొత్తగా వేయడం మేలు.

1 టీబీ హార్డ్‌డిస్క్‌ను 500 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి తేవాలంటే వాడిన చోటు 400 లోపు ఉండాలి. పెద్ద కంపెనీల డ్రైవులకు వాళ్లే ఉచితంగా క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తారు, చిన్న డిస్కుకు సర్దడం అదే చూసుకుంటుంది. క్లోన్‌జిల్లా కూడా ఉచితమే గానీ, లక్ష్యం డిస్కు చిన్నదైతే ముందు మీరే భాగాలను కుదించాలి. పూర్తయ్యాక కంప్యూటర్ ఆపి, పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో లేపండి. రెండూ తగిలించి లేపితే, ఒకే గుర్తు ఉన్న రెండు డిస్కులని విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేయవచ్చు, లేదా మీకు తెలియకుండానే పాతదాని నుంచే లేవవచ్చు. వారం రోజులు సవ్యంగా నడిచాకే పాత డిస్కును తుడవండి.

ప్ర: మాది రామగుండం. ఎండాకాలం గదిలోనే 40 డిగ్రీలుంటుంది, కరెంటూ పోతూ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ తట్టుకుంటుందా? పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. – ఒక పాఠకురాలు

జ: వేడికి భయపడనక్కర్లేదు, చూసుకోవాలి. మామూలు ఎస్‌ఎస్‌డీలు 70 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినవి. సాటా డ్రైవులు పెద్దగా కాగవు. ఎన్‌విఎంఈ డ్రైవు, అందులోనూ గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కున్నది, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు 70 దాటవచ్చు. దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. హీట్‌సింక్ పెట్టి, క్యాబినెట్ ముందు వైపు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను గాలి లోపలికి వచ్చేలా బిగించండి. దుమ్ము జాలీని నెలకోసారి దులపండి.

కరెంటు పోవడమే ఎక్కువ హాని. ఇంట్లో వాడే డ్రైవుల్లో కరెంటు పోయిన క్షణాన చేతిలో ఉన్న సమాచారాన్ని రాసేసే కెపాసిటర్లు సాధారణంగా ఉండవు. రాస్తుండగా పోతే ఆ ఫైలు, ఒక్కోసారి విండోసే, దెబ్బతింటుంది. యూపీఎస్ పెట్టుకోండి, దాని బ్యాటరీ నిజంగా ఐదు నిమిషాలు నిలుస్తోందో మూడు నెలలకోసారి ప్లగ్గు పీకి చూడండి. డివైస్ మేనేజర్‌లో డ్రైవు పాలసీస్ కింద, రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్ ఆపాలా అని ఒక గడి ఉంటుంది. వేగం పెరుగుతుందని ఎవరు చెప్పినా దానికి టిక్ పెట్టకండి.

ఫొటోల విషయం గట్టిగా చెప్తున్నాం. వాటిని ఒక్క ఎస్‌ఎస్‌డీ మీద వదలకండి. హార్డ్‌డిస్క్ పోయేముందు చాలాసార్లు శబ్దం చేస్తుంది, నెమ్మదిస్తుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న బాగుండి ఇవాళ కనిపించకుండా పోగలదు, అప్పుడు సమాచారం తిరిగి తీయడం చాలా కష్టం, ఖర్చు. ఎస్‌ఎస్‌డీలో నింపి బీరువాలో పెట్టడమూ సరికాదు. రాతలు పూర్తిగా వాడేసిన ఇంటి డ్రైవు కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది సమాచారం నిలపాలన్నది చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ నియమం. గది వేడెక్కేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. కొత్త డ్రైవులో ఎక్కువ కాలమే ఉంటుంది, అయినా ఫొటోలకు ఒక బయటి హార్డ్‌డిస్క్ కొని, ఇంకో కాపీ బంధువుల ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉంచండి. ఈ వారమే చేయండి.

ప్ర: 1 టీబీ ఎన్‌విఎంఈ డ్రైవులోకి పెళ్లి వీడియోలు 200 జీబీ కాపీ చేస్తుంటే మొదట వేగంగా వెళ్లి, తర్వాత సెకనుకు 100 ఎంబీకి పడిపోయింది. వాపసు ఇచ్చేయాలా? – వీడియోగ్రాఫర్, తిరుపతి

జ: ముందు ఎక్కడి నుంచి కాపీ చేశారో చూడండి. హార్డ్‌డిస్క్ నుంచయితే 100 నుంచి 200 మధ్య వేగం దానిది, ఎస్‌ఎస్‌డీది కాదు. మొదట వేగంగా కనిపించింది విండోస్ ర్యామ్‌లో పోగుచేసుకున్న భాగం. ఇంకో వేగవంతమైన డ్రైవు నుంచయితే మీది బహుశా క్యూఎల్‌సీ డ్రైవు. ఒక్కో కణంలో నాలుగు బిట్లు దాచే రకమిది, ధర తక్కువ, నేరుగా రాయడం నెమ్మది. దాన్ని కప్పిపుచ్చడానికి ఖాళీ కణాల్లో ఒక్కో బిట్టే వేగంగా రాసుకుంటూ పోతుంది. ఆ తాత్కాలిక చోటు నిండగానే అసలు వేగం బయటపడుతుంది. డ్రైవు నిండుతున్నకొద్దీ ఆ చోటూ చిన్నదవుతుంది.

ఇంటి వాడకానికి ఇది లోపం కాదు. రోజూ వందల జీబీలు రాసే మీ పనికి మాత్రం ఒక్కో కణంలో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ రకం, వీలైతే సొంత డీర్యామ్ (డ్రైవులోనే ఉండే చిన్న ర్యామ్) ఉన్నది కావాలి. కొనేముందు వారంటీ కాగితంలో టీబీడబ్ల్యూ అంకె చూడండి, ఎన్ని టెరాబైట్లు రాసేవరకు వారంటీ వర్తిస్తుందో అది చెబుతుంది. శాంసంగ్ 870 ఈవో 1 టీబీకి అది 600. క్రూషియల్ పీ3 1 టీబీకి 220. రోజుకు 200 జీబీ రాస్తే ఏడాదికి 73 టెరాబైట్లు, అంటే రెండోది మీ దగ్గర మూడేళ్లకే ఆ హద్దు చేరుతుంది. మీరు ఇప్పటివరకు ఎంత రాశారో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో టోటల్ హోస్ట్ రైట్స్ దగ్గర ఉంటుంది. వాపసు గడువు ఉంటే మార్చుకోండి, లేకపోతే ఈ డ్రైవును విండోస్‌కు ఉంచి వీడియోలకు వేరేది తీసుకోండి.